బీడీల గదికి ఎంత ఏసీ కావాలి?

ఏసీ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేవన్నీ గ్యాసు గురించే, కంప్రెసర్ గురించే. అవి నేర్చుకోవడానికి ఆర్నెల్లు చాలు. ఏ గదికి ఎంత మిషన్ కావాలి అన్నది నేర్చుకోవడానికి మాత్రం నా ఉద్యోగమంతా పట్టింది. అది కూడా పూర్తిగా వచ్చిందని ప్రమాణం చేయలేను.

కామారెడ్డిలో సలీం సేట్ దుకాణంలో చేరాను. అక్కడే జుట్టు నెరిసింది, అక్కడే పని మానేశాను. కిటికీ ఏసీలు బిగించడం నా పని. ఇటు ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, అటు బీర్కూర్ దాకా ఎన్ని ఇండ్ల గోడలు కొట్టించానో ఆ గోడలకే తెలియాలి. జనం నన్ను ఏసీ లింగం అంటారు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ కూలరే. ఆ సంగతి అడిగితే మా ఆవిడ ఇంకా ఎక్కువ చెబుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు నన్ను మెచ్చుకున్నారు అన్నవి ఇందులో ఉండవు. పెరిగింది తక్కువ, మెచ్చుకున్నది ఇంకా తక్కువ. పనికొచ్చేవి నాలుగు మాటలు చెబుతాను.

సేట్ సూత్రం

సలీం సేట్ మనసు మంచిది, నోరు పెద్దది. ఏసీ సైజు తేల్చడానికి ఆయనకు టేపు అక్కర్లేదు. గిరాకీ రాగానే చాయ్ చెప్పి, "మీ పక్కింట్ల ఎంతది పెట్టిండ్రు?" అని అడిగేవాడు. ఒక టన్నుది అంటే మన సేట్ ఒకటిన్నర చూపిస్తాడు. ఒకటిన్నర అంటే రెండు. పక్కింట్లో ఏసీయే లేదంటే ఇంకా సంతోషం, "అయితె మొహల్లాకు మీరే ఫస్ట్" అని అన్నిటికంటే పెద్దదాని దగ్గరికి నడిపించేవాడు.

నేను అలా కాదు. టేపు లేకుండా ఇంట్లోంచి కాలు బయటపెట్టేవాణ్ని కాదు. గది పొడుగు, వెడల్పు, పైన ఇంకో అంతస్తు ఉందా లేక ఎండకు కాలే స్లాబా, పడమటి ఎండ తగిలే గోడ ఉందా, గదిలో ఎంతమంది పడుకుంటారు, ఇవన్నీ అడిగి గాని మిషన్ పేరెత్తేవాణ్ని కాదు. పది పన్నెండు అడుగుల గది, పైన ఇంకో గది నీడ, పడుకునేది ఇద్దరు అయితే ఒక టన్ను హాయిగా సరిపోతుంది. నెత్తిమీద స్లాబు కాలుతుంటే ఒకటిన్నరకు పోవాలి. రేకుల ఇల్లైతే ముందు రేకుల కింద సీలింగ్ వేయించుకోమని చెప్పి, చాయ్ తాగి తిరిగి రావాలి. ఆ ఇంట్లో ఏసీ పెట్టడం చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ఇక టన్ను అంటే మిషన్ బరువు కాదు, అది చల్లబరిచే లెక్క అని చెప్పి చెప్పి నా గొంతు సగం అరిగిపోయింది.

"సేట్, గదికి సరిపోయేది అమ్మాలె గదా" అన్నాను ఒకసారి.

"నువ్వు గదికి అమ్ముతవ్ లింగం. నేను మనిషికి అమ్ముత. ఏ గదన్న ఎన్నడన్న దుకాణానికి నడిచొచ్చి సామాను కొన్నదా?"

నేను టేపు చుట్టి జేబులో వేసుకొని బిగింపు పనికి బయలుదేరాను.

పెద్దది కొంటే ఏమవుతుంది

చిన్నది పెడితే గది చల్లబడదు, ఇది అందరికీ తెలుసు. పెద్దది పెడితే వచ్చే తిప్పలు మాత్రం ఎవరికీ తెలియవు. నస్రుల్లాబాద్ దగ్గర ఒక రైస్‌మిల్లు ఆసామి చిన్న పడకగదికి రెండు టన్నులది పెట్టించుకున్నాడు. నేను వద్దన్నాను, సేట్ ముద్దన్నాడు. వానలు మొదలైన వారానికే ఫోన్.

"లింగం, మీ మిషన్ల నీళ్ళు పోసి పంపిండ్రా ఏంది? పరుపు మొత్తం చెమ్మ గొడుతున్నది."

వెళ్ళి చూస్తే ఆసామి రెండు రగ్గులు కప్పుకొని, పైన ఫ్యాను పూర్తిగా తిప్పుకొని పడుకున్నాడు. ఫ్యాను చెమ్మకు, రగ్గులు చలికి. ఆయన భార్య అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీరే గియ్యుండ్రి అన్నా. ఒక్కటి అంటుకుంటే నన్నడగుండ్రి" అంది. గీశాను. పుల్లలు అయిపోయాయి గాని నిప్పు పుట్టలేదు.

సంగతేమిటంటే, ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరుస్తుంది, గాలిలోని తడిని పిండుతుంది. చల్లబరచడం గబుక్కున అయిపోతుంది. తడి పిండటానికి మాత్రం తీరిగ్గా, ఎక్కువసేపు నడవాలి. చిన్న గదిలో పెద్ద మిషన్ పెడితే అది ఇలా మొదలై అలా గదిని చల్లబరచి ఆగిపోతుంది. తడి గదిలోనే ఉండిపోతుంది. ఇది ఆసామికి వివరంగా చెప్పి, ఒక టన్నుది తెచ్చి మారుస్తానన్నాను.

"మంచిగనే చెప్పినవ్ గని, పక్క మిల్లోడు రెండు టన్నులు పెట్టిండు. నేను ఒకటికి దిగితె మిల్లు మునిగిందంటరు" అని ఆయన మూడో రగ్గు కొనుక్కున్నాడు.

అగ్గి, నీళ్ళు, గాలి

సైజు ఒక్కటే సరిగ్గా ఎంచుకుంటే చాలదు. కామారెడ్డిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కొత్త ఇల్లు కట్టారు. ఏసీ ఎక్కడ పెట్టాలని వాస్తు చూసే ఆయన్ను పిలిపించారు. కరెంటు అంటే అగ్ని కాబట్టి ఆగ్నేయం అన్నాడాయన. ఎందుకైనా మంచిదని ఇంకొకాయన్ను పిలిపిస్తే, ఏసీ నీళ్ళు కారుస్తుంది కాబట్టి ఈశాన్యం అన్నాడు. మాస్టారు బావమరిది ఊరుకుంటాడా? అది ఊదేది గాలి కదా, వాయవ్యం అన్నాడు.

"లింగం, నువ్వేమంటవయ్యా?" అన్నారు మాస్టారు అలసిపోయి.

"కిటికీ ఉన్నకాడ సార్" అన్నాను. ముగ్గురూ నన్ను అజ్ఞానిని చూసినట్టు చూశారు.

చివరికి బావమరిదే గెలిచాడు, ఆయన అక్క ఆ ఇంటి యజమానురాలు కాబట్టి. వాయవ్యం గోడకు అవతల స్నానాల గది. ఏసీ వెనక భాగం వేడి కక్కుతుంది, దానికి బయటి గాలి తగలాలని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మే నెలలో వాళ్ళింట్లో స్నానం చేసి బయటికి వచ్చిన వాళ్ళకు మళ్ళీ స్నానం కావాలి. గీజరు ఖర్చు మిగిలిందని మాస్టారు ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటారు. చేసిన పనిని వెనకేసుకు రావడంలో చదువుకున్నవాళ్ళను మించినవాళ్ళు లేరు.

రాజవ్వ గది

ఇక అసలు సంగతి. ఎల్లారెడ్డిలో రాజవ్వ బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే పని. ఈ పనిలో ఒక కష్టం ఉంది, బయటివాళ్ళకు తెలియదు. ఎంత ఎండ కాసినా ఫ్యాను వేసుకోకూడదు. వేస్తే తంబాకు పొడి ఎగిరిపోతుంది, ఆకు ఎండి చుట్టేటప్పుడు పగులుతుంది. పగిలిన ఆకు బీడీని కార్ఖానావాళ్ళు తీసుకోరు. కూలరైతే గాలి ఇంకా జోరు, ఇంకా అన్యాయం. అందుకే మే నెల మధ్యాహ్నం కూడా వీళ్ళు గాలి లేకుండా వాకిట్లో కూర్చొని చుడతారు.

అంతకు ముందు ఎండాకాలం రాజవ్వ అలా చుడుతూనే చాట మీదికి ఒరిగిపోయింది. వడదెబ్బ. ఈసారి పడితే లేవడం కష్టం, ఎండాకాలం పని బంద్ పెట్టమన్నాడు డాక్టరు. కానీ బీడీ పింఛనుకు కార్ఖానా లెక్కలో కావలసిన ఏండ్లు నిండడానికి ఆమెకు ఇంకొక్క ఏడాదే తక్కువ. ఆ ఏడాది మధ్యలో ఒక ఎండాకాలం ఉంది. పని ఆపితే పింఛను ఆగుతుంది, ఆపకపోతే ప్రాణం ఆగేటట్టుంది.

కొడుకు గణేష్ షార్జాలో పని చేస్తాడు. సెలవు మీద వచ్చి, తల్లి సంగతి చూసి, నేను లేని పూట సేట్ దగ్గర రెండు టన్నుల కిటికీ ఏసీ కొన్నాడు. వాళ్ళ లేబర్ క్యాంపు గదిలో అదే ఉంటుందట. నేను బిగించడానికి వెళ్ళి ముందు టేపు తీశాను. పది పన్నెండు అడుగుల గది, పైన ఇంకో గది, ఉత్తరం కిటికీ.

"ఎంతమంది పండుకుంటరక్కా ఇండ్ల?"

"ఇంకెవరున్నరన్నా? నేను, నా కోడలు లత. గంతే."

ఇక నేను ఆగుతానా! గణేష్‌ను మంచం మీద కూర్చోబెట్టి మిల్లు ఆసామి కథంతా చెప్పాను. చెమ్మ, రగ్గులు, అగ్గిపుల్లలు. "అన్నా, మా క్యాంపుల మరి..." అని అతను రెండుసార్లు నోరు తెరిచాడు గాని నేను మూయించాను. రెండు టన్నులది వెనక్కి పంపి, ఒక టన్నుది తెప్పించి బిగించాను. గిరాకీ రెండు అడిగితే ఒకటి అంటగట్టే పిచ్చోణ్ని లోకంలో చూడలేదని సేట్ దుకాణం అంతా వినిపించేలా తిట్టాడు. నేను మాత్రం ఒక నిజాయితీ గల పని చేశానని ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. గణేష్ సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ చివర్లో రాజవ్వ ఫోన్ చేసింది. "అన్నా, నీ మిషన్ నా ఆకు మొత్తం కరాబు జేస్తున్నది. జల్ది రా."

బస్సెక్కి వెళ్ళాను. తలుపు తీయబోతే తెరుచుకోలేదు. లోపల ఎవరిదో వీపు అడ్డం ఉంది. ఆ వీపు జరిగాక చూస్తే గదిలో గోడ నుంచి గోడ దాకా ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు. తొమ్మిది మంది. ఇద్దరు పసిపిల్లలు నిద్రపోతున్నారు. గల్లీలో ఒకరింట్లో ఏసీ పెడితే మిగతావాళ్ళు వాకిట్లో ఎండకు కూర్చొని చుడతారని నేను ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

"అక్కా, ఇద్దరే అంటివి గదా?"

"ఇద్దరమే గదా పండుకునేది! ఎంతమంది పండుకుంటరని నువ్వడిగినవ్, నేను చెప్పిన. ఎంతమంది కూసుంటరని అడిగినవా?"

తొమ్మిది మందీ పకపకా నవ్వారు. ఒక పసివాడు లేచి ఏడుపు అందుకున్నాడు.

నవ్వు అయిపోయాక అసలు కష్టం చెప్పారు. ఇంతమంది ఒంటి వేడికి ఆ చిన్న మిషన్ ఎంత నడిచినా గది పూర్తిగా చల్లబడదు. చల్లబడదు కాబట్టి ఆగదు. పొద్దంతా ఆగకుండా నడుస్తూ గాలిలోని తడినంతా పిండి బయట పారబోస్తోంది. అంటే గదిలో వేడీ తగ్గలేదు, ఆకూ ఎండుతోంది. చుట్టిన బీడీల్లో సగం ఆకు పగిలిందని కార్ఖానాలో ఏరి పడేస్తున్నారు. ఇలాగే పోతే ఆకు ఇవ్వడం ఆపేస్తామన్నారట.

"ఈ మిషన్ వద్దు, ఏమొద్దు. రేపటి సంది నేను వాకిట్లకే పోత" అంది రాజవ్వ.

కోడలు లత నా దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో చెప్పింది. "అన్నా, పోయినసారి అక్కడ్నే పడిపోయింది. నేను ఒక్కదాన్నే ఉంటి. మీరు ఏదన్న జేయుండ్రి."

గదిలో నాలుగు బకెట్ల నీళ్ళు పెట్టించాను, ఒక బకెట్‌లో పసివాడు చెప్పు వేశాడు. తలుపుకు తడి గోనె సంచి కట్టించాను, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ మొహం తడిసింది గాని ఆకు మెత్తబడలేదు. చల్లదనం తగ్గించాను, పెంచాను. ఏం చేసినా ఆకు పటుక్కుమనే చప్పుడు గదిలో ఏదో మూల వినిపిస్తూనే ఉంది.

అంతలో కరెంటు పోయింది. మిషన్ ఆగింది. అప్పటిదాకా ఉన్న కాస్త చల్లదనం ఇంకా గదిలోనే ఉంది. తొమ్మిది మంది ఊపిరి, తడిగుడ్డల చెమ్మ గదిలో నిండిపోయాయి. వేళ్ళు చకచకా నడుస్తున్నాయి. పటుక్కుమనే చప్పుడు లేదు. కాసేపటికి మూలన కూర్చున్న షాహెదాబీ కొంగుతో మెడ తుడుచుకుంటూ అంది.

"జూసినవా భాయ్? మిషన్ బందుంటే ఆకు మంచిగుంటది. గని మిషన్ బందుంటే మేం మంచిగుండం."

నేను గోడకు ఆనుకొని లెక్క వేసుకున్నాను. వీళ్ళకు కావలసింది గదిని గబుక్కున చల్లబరచి, ఆగిపోయి, ఎక్కువసేపు ఆగే ఉండే మిషన్. చల్లగా ఉండాలి, చెమ్మగా ఉండాలి, గాలి ఊరికే కొట్టకూడదు. అంటే గదికి మించిన మిషన్. ఇన్నేళ్ళుగా ఏది రోగమని ఊరూరా తిరిగి చెప్పానో, ఈ గదికి అదే మందు.

సేట్ చాయ్

మర్నాడు దుకాణంలో నెమ్మదిగా అడిగాను. "సేట్, ఆ రెండు టన్నులది ఉన్నదా?"

"ఏది? గా ఎల్లారెడ్డి నుంచి నువ్వు వాపస్ తెచ్చిందా?"

"అదే."

సేట్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. తర్వాత దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ, పక్క దుకాణం వాళ్ళకు కూడా చాయ్ చెప్పాడు. చాయ్ వచ్చాక అందరి ముందు నాతో జరిగిందంతా చెప్పించాడు, రెండుసార్లు. "మనిషికి అమ్ముతనన్ననా లేదా? అన్ననా లేదా?" అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి సాక్ష్యం తీసుకున్నాడు. ఆయనకు చెమ్మా తెలియదు, ఆకూ తెలియదు. ఏమీ తెలియకుండానే ఆయన చెప్పింది నిజమైంది. ఇలాంటి యజమాని దగ్గర పనిచేయడం ఎంత కష్టమో అనుభవిస్తే గాని అర్థం కాదు. కానీ మనిషి మంచివాడని ముందే చెప్పాను. మిషన్ మార్చినందుకు ఒక్క మాట అనకుండా ఆ పూటే బండి మాట్లాడి పంపించాడు.

మేస్త్రీతో కిటికీ వెడల్పు చేయించి రెండు టన్నులది బిగించాను. గాలి పైకప్పు వైపు పోయేలా రెక్కలు ఎత్తిపెట్టాను. అందరిండ్లలో ఏసీకి ఎదురుగా కూర్చోవడానికి కొట్లాడుకుంటారు. ఇక్కడ అందరూ ఏసీ కిందే, గోడకు వీపు ఆనించి కూర్చున్నారు, తంబాకుకు గాలి తగలకుండా. మిషన్ కాసేపు గర్జించి ఆగింది. ఆగి, చాలాసేపు ఆగే ఉంది. రాజవ్వ ఒక ఆకు మడిచింది, చుట్టింది, దారం కట్టింది. వెలుతురుకు పట్టి చూసింది.

"ఇగ పో అన్నా. మా పని మేం జేసుకుంటం" అంది. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకెవరూ ఇవ్వలేదు.

కరెంటు బిల్లు సంగతి వాళ్ళే తేల్చుకున్నారు. లేచి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు ఒక బీడీ కట్ట రాజవ్వ చాటలో వేసిపోవాలి.

ఆ మే నెలంతా ఎల్లారెడ్డి నంబరు నుంచి ఫోన్ వస్తే నా గుండె జారేది. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ రోజు రాజవ్వే చేసింది. "అన్నా, బతికిన" అంది. నాకు ఏడుపొచ్చింది. దుకాణంలో వాళ్ళకు కనిపించకుండా ఫ్రిజ్‌ల వెనక్కి పోయి నిలబడ్డాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు

మరుసటి ఎండాకాలానికి రాజవ్వకు పింఛను వచ్చింది, బీడీలు మానేసింది. నేను పని మానేసే రోజులు కూడా దగ్గరపడ్డాయి. ఇక ఆ గదిలో పడుకునేది అత్తాకోడళ్ళు ఇద్దరే కదా, ఆ చెమ్మ ముసలి ఒంటికి మంచిది కాదు కదా అనుకొని, నాకు నేనే ఒక టన్నుది పక్కన పెట్టించి, ఆటోలో వేసుకొని ఎల్లారెడ్డి వెళ్ళాను.

రాజవ్వ ముందర వసారాలో కుర్చీలో కూర్చొని ఉంది. వెనక గది తలుపు మూసి ఉంది. లోపలి నుంచి మాటలు, నవ్వులు, ఆకు కత్తిరించే కత్తెర్ల చప్పుడు.

"ఇంకా వస్తున్నరా వాళ్ళు?"

"రాక ఏడికి పోతరు? వాళ్ళకింకా ఏండ్లున్నయి గదా పింఛనుకు. నా జాగల ఎన్క గల్లీ కోడలు కూసుంటున్నది. నేను లేస్తెనే గదా ఇంకొకామెకు జాగ దొరికేది."

"మరి నువ్వు గీ ఎండకు బయట కూసుంటె ఎట్లక్కా? మళ్ళ పడ్తవా ఏంది?"

రాజవ్వ వేలెత్తి పైకి చూపించింది. వసారా పైకప్పుకు ఫ్యాను, ఐదో నంబరు మీద గిర్రున తిరుగుతోంది. ఆమె నెరిసిన వెంట్రుకలు మొహం మీద ఎగురుతున్నాయి. కొంగు నిలవడం లేదు, ఆమె సర్దుకోవడమూ లేదు.

"చిన్నప్పటి సంది తంబాకు ఎగిరిపోతదని ఫ్యాను బంద్ జేసుకొనే కూసున్ననన్నా. ఇప్పుడు నా ఒళ్ళె చాట లేదు. ఎంత గాలన్న రానీ."

ఆటోలో ఉన్న మిషన్ మాట నేను ఎత్తనే లేదు. పక్కన ఉన్న ఇంకో కుర్చీ లాక్కొని ఆ ఫ్యాను కిందే కూర్చున్నాను.